రాయచోటి బియ్యం

సీబ్,
అక్టోబరు 1998

షైస్తా వాళ్ల అబ్బాజాన్‌కు,

మీ హసీనా సలాములు. నేను బాగున్నాను. ఈ మాట ప్రతి ఉత్తరంలోనూ రాస్తాను కాబట్టి మీరు చదవకుండా దాటేస్తారని తెలుసు. ఈసారి మాత్రం కాస్త ఆగి చదవండి. దీని తర్వాత రాయబోయేది అంత బాగుండదు.

వేసవి నుంచి నేను పంపే డబ్బు తగ్గుతూ వస్తోందని, అత్తమ్మ అడుగుతోందని, మీకు చెప్పడానికి మాట దొరకడం లేదని రాశారు. బ్యాంకులో ఆలస్యమని ఒకసారి, పండగ సెలవులని ఒకసారి నేనే సాకులు రాశాను. ఇక సాకులు అయిపోయాయి. నిజం ఏమిటంటే, నేను పనిచేసే ఇల్లు చితికిపోయింది. మీరు నవ్వుతారని తెలిసే ఇన్నాళ్లూ దాచాను.

మా సారు నాసర్‌కు కంకర తోలే లారీలు ఉండేవి కదా. ఇక్కడ అన్నీ చమురు మీద నడుస్తాయి. చమురు ధర పడిపోయిందట, సర్కారు రోడ్ల పనులు ఆపేసింది, లారీలు ఇంటి ముందు నిలబడిపోయాయి. కొన్నాళ్లు వాటి నీడలో పిల్లలు ఆడుకున్నారు. తర్వాత ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. చివరికి ఇంటి కారు కూడా పోయింది. పక్కింటివాళ్లు అడిగితే గ్యారేజీలో ఉందని చెప్పమన్నారు. నేను అలాగే చెప్తున్నాను. ఇన్నాళ్లు గ్యారేజీలో ఉన్న కారు ఈ దేశంలో ఇంకొకటి ఉండదు. సారు ఇప్పుడు ఎవరిదో చేపల వ్యాను తోలుతున్నాడు. ఇంటికి రాగానే ముందు స్నానం చేస్తాడు, ఆ వాసన పిల్లలకు తెలియకూడదని. పిల్లలకు ఎప్పుడో తెలుసు.

జువైనా మేడం మాత్రం పైకి ఏమీ కనిపించనివ్వదు. ఇక్కడ ఎవరు గుమ్మం తొక్కినా కాఫీ, ఖర్జూరం, హల్వా పెట్టాలి. పెట్టకపోతే ఆ ఇంటి పరువు పోయినట్టే. అందుకని ఫ్రిజ్జులో ఒక హల్వా డబ్బా ఉంటుంది. అది చుట్టాలకే. పిల్లలు దాని వంక చూడకూడదు. ఆడవాళ్లు వచ్చి కూర్చుంటే మేడం అందరికీ కొసరి కొసరి పెట్టి, తను మాత్రం పన్ను నొప్పి అంటుంది. ఆ పన్ను నెలల తరబడి నొప్పి పెడుతూనే ఉంది. ఒకామె మంచి డాక్టరు పేరు కూడా చెప్పి వెళ్లింది. వాళ్లు వెళ్లగానే ముందుగదిలో ఏసీ ఆపేసి, పళ్లేల్లో మిగిలిన ముక్కలు పిల్లల నోట్లో పెడుతుంది.

ఒకప్పుడు నేను వంటింట్లో విడిగా తినేదాన్ని. ఇప్పుడు అందరం ఒకే తాంబాళం చుట్టూ కూర్చుంటున్నాం. మొదటిరోజు నేను కూర్చోనంటే మేడం ఏమన్నదో మన మాటల్లో రాస్తాను. "కూచో మే. రెండు గిన్నెల్లో పెడితే కొంచెంగా కనిపిస్తాది. ఒక దాంట్లో పెడితే చాలినంత కనిపిస్తాది." నేను కూర్చున్నాను. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి అంత కడుపునిండా ఎప్పుడూ తినలేదు, తిన్నది తక్కువైనా.

సారు వాళ్ల అమ్మను అందరూ హబూబా అంటారు, అంటే జేజి. ఆమెకు కళ్లు సరిగా కనపడవు. నా చేతులు తడిమి, "ఈ పిల్ల చిక్కిపోయింది" అని కోడలి మీద కేకలేస్తుంది. చిక్కింది కోడలని ఆమెకు తెలియదు.

బురైమి నుంచి మీ తయ్యబా అక్క కబురు పెట్టింది. వాళ్ల సేఠ్ ఇంట్లో ఇంకో మనిషి కావాలట, జీతం బాగుంటుందట. రంజాన్ పండగ లోపల ఏదో ఒకటి చెప్పమంది. మేడం కాగితం మీద సంతకం పెడితే చాలు, నేను పోవచ్చు. షైస్తా వచ్చే ఏడు హైస్కూలుకు పోవాలి. అది తలుచుకుంటే పొమ్మంటుంది మనసు. హబూబా చెయ్యి తగిలితే వద్దంటుంది. మీరేమంటారో రాయండి. అరబ్బు ఇంట్లో కరువు అని రాసినందుకు మాత్రం నవ్వకండి.

షైస్తాకు జడ వేసేటప్పుడు గట్టిగా లాగకండి. పిల్ల తల సైకిలు చైను కాదు.

మీ
హసీనా


సీబ్,
డిసెంబరు 1998

షైస్తా అబ్బాజాన్‌కు,

సలాం. ఈసారి నేను బాగున్నానని రాయను.

మీ జవాబు చేరింది. మీరు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "సముద్రం ఎండిపోయిందన్నా నమ్ముతాం గానీ అరబ్బోళ్లకు కరువేందిమ్మే" అని అత్తమ్మ అన్నదని రాశారు. అత్తమ్మ పెద్దది, ఆమె ఏమన్నా పడతాను. కానీ దాని కింద మీ చేత్తో ఇంకో వాక్యం రాశారు. తగ్గింది ఇక్కడికి రాకపోతే మరి ఎవరికి పోతోంది అని. ఎవరికి అని అడిగారు. వంటింట్లో నిలబడి ఆ మాట చదివాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, నాకు తెలియలేదు. మేడం వచ్చి చూసి తనే పొయ్యి తుడిచింది.

కోపం ఉత్తరంలో పెడితే పది రోజుల తర్వాత చేరుతుంది, అప్పటికి చల్లారిపోయి ఉంటుంది. కాబట్టి కోపం నా దగ్గరే ఉంచుకుని జరిగింది రాస్తున్నాను.

మొన్న సారు పోస్టాఫీసు డబ్బా నుంచి ఒక కవరు తెచ్చాడు. మీద ఇండియా స్టాంపు. నాకేమో అనుకుని చెయ్యి చాపాను. కాదు, సారు పేరు మీద వచ్చింది. లోపల అరబ్బీ. మన పేట మసీదు యాకూబ్ మౌల్వీసాబ్ చేతిరాత. వానలకు ఇంటి కప్పు కూలిన ఖాసింబీ అత్త కోసం, ఈ ధర్మాత్ములు ఏటా బీదలకు తీసే జకాత్‌లో కొంత ఇప్పించమని. ఈ ఇంటి తలుపులు ఎప్పుడూ మూసి ఉండవని హసీనాబీ భర్త జిలాని ద్వారా విన్నామని కూడా రాసి ఉంది. మీ పేరు ఉంది కాబట్టి అది మీరే రాయించారని తెలిసిపోయింది. ఎందుకు రాయించారో కూడా తెలిసింది. ఇస్తే హసీనా అబద్ధం చెప్పినట్టు, ఇవ్వకపోతే నిజం చెప్పినట్టు. అంతే కదా? పాపం, ఖాసింబీ అత్త కప్పు మీకు తూనికరాయి అయింది.

మేడం ఆ కాగితాన్ని పైకి చదివింది. సారు మధ్యలోనే లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆమె చివరిదాకా చదివి, మడిచి, ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు చెప్పలేదా వాళ్లకు?" అని అడిగింది. "చెప్పినా మేడం. నమ్మల్యా" అన్నాను. దానికి ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే లోపలికి వెళ్లి, చేతికున్న ఒకే ఒక్క బంగారు గాజు తీసి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. మిగతావి ఎప్పుడో లారీల వెంబడే పోయాయి. ఇది వాళ్లమ్మది.

"వద్దు మేడం. మావోళ్లకు తెలియక రాసినారు. మీరియ్యాల్సిన పనిల్యా. ఇప్పుడు జకాత్ మీరు తీసుకునే..." అని నాలుక కరుచుకున్నాను.

ఆమె నా మాట పూర్తి చేయనివ్వలేదు. "మా నాయన వాకిట్లోకి వచ్చి చెయ్యి చాపినోళ్లు ఎవురూ ఊరికే పోలేదు. నన్ను అడిగినారు. అడిగినాక లేదని చెప్పడం నాకు రాదు. పంపియ్యి. సారుకు చెప్పొద్దు" అంది.

గాజు నా పెట్టెలో బట్టల కింద ఉంది. ఇప్పుడు చెప్పండి నేనేం చేయాలో. ఇది ఖాసింబీ అత్తకు పంపితే పేటంతా చూస్తుంది. చూశావా, అరబ్బుల ఇంటి బంగారం అంటుంది. నేను అబద్ధాలకోరుని అవుతాను, మీరు అడిగిన ఆ ‘ఎవరికి’ అనే మాటకు నా దగ్గర జవాబు ఉండదు. పంపకపోతే, మేడం నమ్మి ఇచ్చినదాన్ని దాచుకున్న దొంగను అవుతాను. తిరిగి ఇస్తే ఆమె తీసుకోదు. మీరు రాయించిన ఒక్క కాగితం నన్ను ఎటూ కదలకుండా చేసింది.

నేను బాగా ఆలోచించాను. మీరు నన్ను నమ్మితే ఆ మాట రాయండి, ఎలాగైనా గాజు ఆమె చేతికి తొడుగుతాను. నమ్మకపోతే గాజు పంపించేస్తాను, నేను బురైమి వెళ్లిపోతాను. అక్కడి నుంచి నిండుగా పంపుతాను, ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు. కానీ అప్పుడు నేను మీకు ఉత్తరాలు రాస్తానో లేదో తెలియదు. అబద్ధమనుకునేవాళ్లకు ఏం రాస్తాం?

ఇది కూడా రాయాలి, లేకపోతే నిద్ర పట్టదు. మీరంటే నాకు చాలా ప్రేమ. అందుకే ఇంత కోపం. ఇక్కడ రుసైల్‌లో పనిచేసే ఫక్రుద్దీన్ అన్న సెలవులో ఊళ్లో ఉన్నాడు కదా, రెండు ముక్కలైనా అతని చేత జవాబు పంపండి.

హసీనా


రాయచోటి,
రంజాన్ రెండో వారం

హసీనాకు,

జిలాని రాసేది. ఉత్తరాలు రాయడం నాకు చేతకాదని నీకు తెలుసు. ఫక్రుద్దీన్ పెట్టె కట్టుకుంటున్నాడు, అతను లేచేలోపల రాయాలి.

నీ ఉత్తరం అంగట్లో కూర్చుని చదివినా. మొదటిసారి గాజు దగ్గర ఆగినా. రెండోసారి హల్వా డబ్బా గుర్తొచ్చి పాత ఉత్తరం తీసి చదివినా. ఆమె పన్ను నొప్పి దగ్గర నాకు కూడా నొప్పి మొదలైంది.

నీకు నేను రాయని సంగతి ఒకటి ఉంది. ఊళ్లోకి మోపెడ్లు వచ్చినాక సైకిలు బాగు చేయించుకునేవాళ్లు తగ్గిపోయినారు. కానీ అంగడి మూస్తే జిలాని పని అయిపోయిందంటారు కదా. అందుకని పొద్దున్నే తెరిచి, నా సైకిలునే వాకిట్లో తలకిందులుగా పెట్టి, చక్రం ఊడదీసి మళ్లీ బిగిస్తా. పోయేవాళ్లు "ఏం జిలానీ, పని బాగుండాదే" అంటే "ఊపిరాడ్డంల్యా" అంటా. బాగున్న సైకిలు, నేను విప్పి విప్పి పాడైపోయింది. నీ మేడం హల్వా డబ్బా ఎందుకో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాది?

అనకూడని మాట అన్నా. దాన్ని కొట్టేయి. గాజు ఆమె చేతికి తొడుగు.

మౌల్వీసాబ్‌కు నీ ఉత్తరం చదివి వినిపించినా. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటా కూర్చున్నాడు. ఖాసింబీ అత్త కప్పు సంగతి పేటలో అందరం తలా ఒక చెయ్యి వేస్తున్నాం, రేకులు వచ్చినాయి. అత్త అడిగింది, ఆ ఇంట్లో పండగ ఎట్లా అని. మాకెవరికీ తోచని మాట ఆమెకు తోచింది.

పండగ నమాజుకు ముందు ఇంట్లో తలకింత అని బీదలకు కొలిచే ఫిత్రా బియ్యం ఈసారి ఇక్కడ ఎవరికీ ఇవ్వలేదు. అమ్మ, నేను, షైస్తా, నువ్వు, నలుగురి పేరు మీదా కొలిచి సంచిలో కుట్టించి, ఫక్రుద్దీన్ చేత మీ మేడం ఇంటికి పంపుతున్నా. అమ్మే కొలిచింది. కొలత మీద ఇంకో దోసెడు పోసింది. ఖాసింబీ అత్త కూడా తన వంతు తెచ్చి కలిపింది, వద్దంటే తిట్టింది. ఇచ్చేటప్పుడు ఫిత్రా అని నోటితో చెప్పాల్సిన అవసరం లేదని, మనసులో ఉంటే చాలని మౌల్వీసాబ్ అన్నాడు. నీ మేడం పరువు నీ చేతిలో ఉంది.

ఉండాలో పోవాలో నువ్వే చూసుకో. నువ్వు చెప్పింది నేను నమ్ముతా.

జడ గట్టిగా లాగడం లేదు.

జిలాని


సీబ్,
పండగ తర్వాత

నా జిలానికి,

పేరు పెట్టి పిలిచానని అత్తమ్మకు చెప్పకండి. ఇంకెప్పుడూ పిలవను. ఈ ఒక్క ఉత్తరంలో పిలవాలనిపించింది.

ఫక్రుద్దీన్ అన్న రుసైల్‌లో డ్యూటీ దిగి, సంచి భుజాన వేసుకుని మధ్యాహ్నం గేటు దగ్గరికి వచ్చాడు. "మీ ఆయనకు పిచ్చిమ్మే. విమానంలో బియ్యమా? తూకం దగ్గర నా పచ్చళ్లు తీసేయమన్యారు, ఇది మాత్రం పోనిచ్చినారు" అని విసుక్కున్నాడు. ఆయన పచ్చళ్ల పాపం మీదే. మీ ఉత్తరం సంచి మూతిలో ఉంది. అక్కడే గేటుకు ఆనుకుని చదివాను. ఎలా చదివానో రాయను. తలకిందులు సైకిలు దగ్గర నవ్వొచ్చింది, తర్వాత ఇంకేదో వచ్చింది.

చెప్పకుండా బియ్యం డబ్బాలో పోసేద్దామనుకున్నాను. కానీ సంచి మోసుకుంటూ వంటింట్లోకి వెళ్తుంటే మేడం ఎదురైంది. "ఏంది అది?" అంది. "మా ఊరి బియ్యం" అన్నాను. "కానుకా?" అని అడిగింది. అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. ఉపవాసం ఉన్న నోరు, అబద్ధం రాలేదు. ఊరికే నిలబడ్డాను. రంజాన్‌లో సంచి కట్టి బియ్యం వస్తే ఏమిటో వాళ్లకు చెప్పాలా? చిన్నప్పటి నుంచి వాళ్ల నాయన ఇంట్లో ఆమె కొలిచి ఇచ్చింది అదే కదా. ఆమె ముఖం తెల్లబోయింది. గోడ పట్టుకుని, "మీ ఊరోళ్లు నాకు పంపినారా?" అంది. ఆమె పరువు కాపాడమని మీరు రాస్తే, నేను నిలబెట్టి తీసేశాను అనుకున్నాను.

అప్పుడు లోపలి గది నుంచి హబూబా గోడ పట్టుకుంటూ వచ్చింది. అంతా విన్నదట. సంచిలో చెయ్యి పెట్టి గింజలు వేళ్ల మధ్య రుద్ది చూసింది. "ఇండియా బియ్యం" అంది. "మాకు ఇవి కొత్తా ఏమి? చమురు రాకముందు ఖురియాత్ రేవుకు ఇండియా పడవ రాకపోతే పొయ్యి వెలిగేది కాదు. నీ మామ కువైట్‌లో మట్టి మోసినాడు. నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు నేను చేపలు ఎండబెట్టి బతికినా. ఆయన జాబు రాస్తే చదివిపెట్టేవాళ్ల కోసం ఇల్లిల్లూ తిరిగినా. ఈ పిల్ల మాదిరే మేమూ. నడుమ కొన్నాళ్లు మరిచిపోయినాం, అంతే." ఇంత మాట ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడి కోడలితో, "ఎసరు పెట్టు" అంది.

మేడం నేల మీద కూలబడి ఏడ్చింది. ఇన్ని నెలలు దాచిందంతా ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఆమె నా భుజం మీద తల పెట్టింది. నాకన్నా పొడుగు మనిషి, వంగాల్సి వచ్చింది.

మన బియ్యం వండడం వాళ్లకు రాలేదు. బాస్మతి మాదిరిగా నీళ్లు పోస్తే ముద్దయిపోయింది. పిల్లలు నవ్వుకుంటూ తిన్నారు. నేను ఉపవాసం విడిచి ఖర్జూరాలతోనే సరిపెట్టుకోబోయాను, నా ఫిత్రా నేనే తింటే చెల్లుతుందో లేదోనని. కడుపులో బాగలేదని చెప్పాను. కళ్లు కనపడని హబూబాకు అదీ కనపడింది. "నువ్వు దూరంగా ఉంటే ఇది దానమైతాది. కూచుని తింటే అన్నమైతాది. రా" అని నా చెయ్యి పట్టి తాంబాళంలో పెట్టింది. తిన్నాను. మౌల్వీసాబ్‌ను అడిగి చూడండి, తప్పైతే మళ్లీ కొలుద్దాం.

ఆ రాత్రి అన్నం దగ్గరే గాజు తెచ్చి ఇచ్చాను. ఇచ్చింది వెనక్కి తీసుకోనని మేడం మొండికేసింది. ఖాసింబీ అత్త ఇంటికి రేకులు వచ్చాయని, ఆమె తన వంతు బియ్యం ఇందులోనే కలిపిందని చెప్పాను. కప్పు లేని ముసలామె ఈ ఇంటికి పంపిందా అని రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత చెయ్యి చాపింది. గాజు నేనే తొడిగాను, వదులైపోయింది.

ఇక అసలు సంగతి. గాజు తిప్పుకుంటూ మేడం సారుతో, "రుసైల్‌లో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో మన ఆడవాళ్లను తీసుకుంటున్నారు. నేను పోతా" అంది. ఎన్నో నెలల నుంచి ఆ ఆలోచన ఉందట, మనుషులేమంటారోనని నోరు తెరవలేదట. సారు తల ఎత్తలేదు. హబూబానే, "చేపల వ్యాను తోలేవాడి పెళ్లాం చొక్కాలు కుడితే ఏమి? చేపల మాదిరి చొక్కాలు వాసన రావు" అంది. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత సారు నవ్వాడు. ఆ ఇంట్లో ఆ వాసన గురించి పైకి మాట్లాడడం అదే మొదటిసారి.

మేడం నన్ను విడిగా పిలిచి, కాగితం తెమ్మంది, సంతకం పెడతాను, బురైమి వెళ్లమంది. "నీ కూతురుంది. నేను నిన్ను పట్టి ఉంచకూడదు" అంది. నేను, "మీరు ఫ్యాక్టరీకి పోతే హబూబాను ఎవురు చూసుకుంటారు?" అన్నాను. తయ్యబా అక్కకు రానని కబురు పెట్టేశాను. పంపేది కొన్నాళ్లు తక్కువగానే ఉంటుంది. మీరు సైకిలు విప్పడం మానేసి, మోపెడ్ల పని ఎవరి దగ్గరైనా నేర్చుకోండి. చక్రం చక్రమే కదా.

నిన్న మేడం మొదటిరోజు డ్యూటీకి పోయింది. నేను డబ్బాలో అన్నం పెట్టి ఇచ్చాను. ఫ్యాక్టరీ బస్సు వీధి మొదట్లో ఆగింది. పక్కింటివాళ్ల తలుపు తెరిచే ఉంది. ఆమె ముసుగు ముఖం మీదికి లాక్కుని, రెండడుగులు వేసి, మళ్లీ తనే తీసేసింది. బస్సెక్కి కిటికీలో నుంచి నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేకపోయాను. చూస్తే ఏడుపొస్తుంది, అది చూసి ఆమె దిగిపోతుంది. అందుకని గేటు గడియ ఏదో పాడైనట్టు దాన్నే అటూ ఇటూ కదిలిస్తూ నిలబడ్డాను. బస్సు మలుపు తిరిగేదాకా అలాగే.

నేను ఊరు వదిలిన రోజున రాయచోటి బస్టాండులో మీరు నా ముఖం చూడలేదని ఇన్నేళ్లూ మనసులో పెట్టుకున్నాను. కిటికీలో నుంచి నేను పిలుస్తున్నా వినకుండా, నేల మీద కూర్చుని ఆ బస్సు టైరు నొక్కి నొక్కి చూశారు. మీరు ఎందుకు తల ఎత్తలేదో నిన్న గేటు దగ్గర తెలిసింది.

మీ
హసీనా